బొమ్మ, మాట, గొంతు కలిసి చెప్పాలంటే: ఓఆర్‌ఎస్ గోడపత్రిక తయారుచేసే పద్ధతి

తెలంగాణలోని చేర్యాల పటాన్ని, అంటే కథను ఘట్టాలుగా గీసిన పొడవాటి గుడ్డను, విప్పి కథ చెప్పేటప్పుడు కథకుడు పాడుతూ, ఆ పాటలో వచ్చే మనిషిని ఎర్రటి నేపథ్యం మీద గీసిన బొమ్మల్లో చూపిస్తూ, ఒక ఘట్టం పూర్తయ్యాక తరువాతి ఘట్టానికి పటాన్ని జరుపుతాడు. పటంలోని బొమ్మలకు కథ ఆ గొంతు నుంచి వస్తుంది, కథలోని మనుషులకు ముఖాలు పటం నుంచి వస్తాయి. ఇలా రెండు మూడు మాధ్యమాలు పని పంచుకుని ఒకే విషయాన్ని చెప్పే రచనను బహుమాధ్యమ పాఠ్యం అంటున్నాం. పాఠ్యపుస్తకంలోని పటం, బస్టాండు గోడ మీది ప్రకటన, మందు డబ్బా, వాట్సాప్‌లో వచ్చే ఆరోగ్య సందేశం అన్నీ ఈ కోవలోనివే. వీటిని చదవడమూ తయారుచేయడమూ నేర్చుకోవడానికి నేను ఎప్పుడూ ఎంచుకునే ఉదాహరణ విరేచనాలైన పిల్లలకు తాగించే ఓఆర్‌ఎస్ (ఉప్పు, చక్కెర ఉన్న పొడిని నీళ్లలో కలిపిన ద్రావణం) గురించిన గోడపత్రిక, ఎందుకంటే ఇక్కడ బొమ్మ ఒకటి చెప్పి మాట మరొకటి చెబితే నష్టపోయేది పసిబిడ్డ.

తయారుచేయడానికి ముందు చదవడం రావాలి. మందుల దుకాణాల్లో ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడైన తియ్యటి పానీయాల సంగతి చూడండి. వ్యాపార నామానికి ముందో వెనకో ‘ఓఆర్‌ఎస్’ అని చేర్చుకోవడానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో అనుమతిస్తూ, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదన్న గమనిక డబ్బా మీద ఉండాలని షరతు పెట్టింది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తరువాత 2025 అక్టోబరులో ఆ అనుమతి రద్దయింది. గమనిక ఉన్నా తల్లిదండ్రులు ఎందుకు మోసపోయారన్నదే మనకు పాఠం. అక్షరాల పరిమాణం, పండ్ల రంగులు, మందుల దుకాణపు అర, ఇవన్నీ కలిసి ‘ఇది మందే’ అని చెబుతుంటే, కాదని చెప్పే బాధ్యత మాత్రం ఒక్క వాక్యం మీద పడింది. జ్వరంతో, విరేచనాలతో ఉన్న బిడ్డను చంకన వేసుకుని దుకాణానికి వచ్చిన తల్లి ఆ వాక్యం దాకా వెళ్లదు. అందుకే ఏ బహుమాధ్యమ పాఠ్యం చేతికి వచ్చినా, నా చూపు మొదట దేని మీద పడింది, అది నాకు ఏం నమ్మకం కలిగించింది, చిన్న అక్షరాలు ఆ నమ్మకాన్ని బలపరుస్తున్నాయా కొట్టేస్తున్నాయా అని ఆ వరుసలోనే ప్రశ్నించుకోవాలి.

ఇక తయారీకి వద్దాం. బొమ్మ గీయడానికి కూర్చోకముందే, చూసినవారు ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. మన వాక్యం ఇది: ‘లీటరు ప్యాకెట్టు మొత్తాన్ని ఒక లీటరు మంచినీళ్లలో కలిపి, కొంచెం కొంచెంగా తాగిస్తూ, 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి.’ ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు వేయాల్సిన జింకు మాత్రల సంగతి కూడా ముఖ్యమే కానీ, దానికి వేరే గోడపత్రిక వేయడం మేలు. ఒకే కాగితం మీద రెండు పనులు చెబితే రెండూ సగం సగమే గుర్తుంటాయి.

తరువాత ఆ వాక్యాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కను ఏ మాధ్యమం బాగా మోస్తుందో ఆలోచించాలి. కొలత బొమ్మకు, అంకెకు చెందుతుంది. పనుల వరుసను అంకెలు వేసిన గడులు చెబుతాయి. 24 గంటల గడువును బొమ్మలో చూపడం కష్టం కనుక దాన్ని మాటకే వదిలేయాలని మొదట అనుకున్నాను. కారణం చెప్పాలంటే గొంతే సరైనది. నీళ్లు తగ్గితే ద్రావణంలో ఉప్పు మోతాదు మించి బిడ్డకు ప్రమాదమవుతుందని, ఎక్కువైతే మందు పలచబడి సరిగా పని చేయదని ఆశా కార్యకర్త నోటితో చెబితే మనసులో నిలుస్తుంది. బొమ్మ కింద ఆ బొమ్మనే వర్ణిస్తూ వాక్యం రాయడం ఎక్కువమంది చేసే పొరపాటు. సీసాలో నీళ్లు పోస్తున్న బొమ్మ కింద ‘సీసాలో నీళ్లు పోస్తున్నారు’ అని రాస్తే ఆ చోటు వృథా అయినట్టే. అక్కడ ‘కాచి చల్లార్చిన నీళ్లు, 1 లీటరు’ అని ఉండాలి.

నా మొదటి ప్రయత్నం ఎక్కడ తప్పిందో చెబుతాను. ప్యాకెట్టు చింపి స్టీలు గ్లాసులో పోస్తున్న చేతిని అందంగా గీయించి, పక్కన ‘1 లీటరు’ అని రాయించాను. అంగన్‌వాడీ దగ్గర మనవడిని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక పెద్దావిడకు దాన్ని చూపించి, ఏం అర్థమైందో చెప్పమన్నాను. ఆమె బొమ్మ మీద వేలు పెట్టి, ‘గ్లాసుకో ప్యాకెట్టు కలపాలన్నమాట, అంతేనా అమ్మా?’ అని అడిగింది. అక్షరాలు రాని ఆమెకు నేను రాయించిన లీటరు లేదు, గీయించిన గ్లాసే ఉంది. ఆమె చెప్పినట్టు 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే అయిదు రెట్లు చిక్కటి ఉప్పునీళ్లు బిడ్డ కడుపులోకి వెళ్లేవి. ఆ రోజే గ్లాసు తీసేసి, ఇళ్లలో అందరికీ తెలిసిన లీటరు నీళ్ల సీసా గీయించి, దాని మెడ దాకా నీలి రంగు నింపించాను. దుకాణాల్లో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి కనుక, మొదటి గడిలో లీటరు ప్యాకెట్టు బొమ్మ వేసి, దాని మీది కొలతను గుండ్రటి గీతతో చుట్టి చూపించాను.

గడులను పై నుంచి కిందకు పేర్చడమే నయం. అడ్డంగా పేర్చిన నాలుగు గడులు గోడ మీద బాగానే ఉంటాయి కానీ, అదే కాగితం ఫోనులోకి వెళ్లేసరికి అక్షరాలు చీమల్లా అవుతాయి. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి పంక్తుల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి. లేకపోతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకి రెండూ చెడతాయి. వంపులు తిరిగిన అలంకార ఖతులు (ఫాంట్లు) శీర్షికకు సరిపోవచ్చు గానీ కొలతలకు పనికిరావు. ముఖ్యమైన మాట తేలాలంటే పరిమాణం పెంచాలి, లేదా లావు చేయాలి, లేదా రంగు మార్చాలి. మూడూ ఒకేసారి, అందులోనూ ప్రతి పంక్తిలోనూ చేస్తే ఏదీ తేలదు. ఎరుపును ఒక్క చోటికే దాచుకోవాలని నా గట్టి అభిప్రాయం. బిడ్డ మగతగా ఉన్నా, ఏమీ తాగలేకపోతున్నా, మలంలో రక్తం పడుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని చెప్పే గడి అది.

వాట్సాప్‌లో పంపేటప్పుడు బొమ్మతో పాటు అదే విషయాన్ని యూనికోడ్ తెలుగులో అక్షరాలుగానూ, అర నిమిషం మించని గొంతు సందేశంగానూ జతచేయాలి. చూపులేనివారి ఫోను అక్షరాలను చదివి వినిపించగలదు గానీ, బొమ్మలో ఇరుక్కున్న అక్షరాలను చదువుతుందన్న నమ్మకం లేదు. గొంతు సందేశంలో గోడపత్రికను మళ్లీ చదవకుండా, బొమ్మ చెప్పలేనిది చెప్పండి. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలన్న మాట అలాంటిది. అయితే ఈ మూడూ దారిలో విడిపోతాయని, ఒక్కొక్కరికి ఒక్కటే చేరుతుందని గుర్తుంచుకుని, ‘ఒక ప్యాకెట్టు, ఒక లీటరు’ అన్న ముక్కను మాత్రం మూడింటిలోనూ తప్పకుండా ఉంచాలి.

అచ్చుకు ఇచ్చే ముందు కనీసం అయిదుగురికి చూపించండి, వారిలో ఇద్దరైనా చదువు రానివారై ఉండాలి. ‘అర్థమైందా’ అని అడగకండి, ఎవరైనా మర్యాదకు అర్థమైందనే అంటారు. ప్యాకెట్టు, సీసా, గ్లాసు, గిన్నె వారి ముందు పెట్టి, గోడపత్రిక చూసి కలపమనండి. మార్చిన కాగితాన్ని ఆ పెద్దావిడకే మళ్లీ చూపించినప్పుడు ఆమె గ్లాసును పక్కకు జరిపి, సీసా అందుకుని, మెడ దాకా నీళ్లు నింపి, ప్యాకెట్టు మొత్తం అందులో పోసింది. మిగిలింది మర్నాటికి దాచవచ్చా అని మాత్రం అడిగింది. 24 గంటల మాట కింద చిన్న అక్షరాల్లో ఉండిపోయింది. దాన్ని నాలుగో గడిలోకి ఎక్కించి, సీసా పక్కన ఉదయించే సూర్యుడిని రెండుసార్లు గీయించి, రెండో సూర్యుడి దగ్గర సీసాను వంచి పారబోస్తున్నట్టు చూపించాక అచ్చుకు ఇచ్చాను. కాగితం అడుగున 108 అంకెను వేయించి, ఊరి ఆశా కార్యకర్త నంబరును చేత్తో రాసుకోవడానికి ఒక ఖాళీ గడిని వదిలాను.