పాత స్పోర్ట్స్ కారుకి కొత్త టైర్లు

ముందు డ్రైవర్ డోర్ తెరిచి, ఫ్రేము దగ్గర అతికించిన స్టిక్కర్ చూడండి. కంపెనీ చెప్పిన సైజు అక్కడ ఉంటుంది. ఇప్పుడు కారుకున్న టైర్లను చూసి కొనేయకండి, పాత ఓనరు ఏం బిగించాడో ఎవరికి తెలుసు!

నాది మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5. అసలు సైజు 185/60 ఆర్14, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 14 అంగుళాలు. అందులో మంచి రకాలు దొరకడం గగనమైపోయింది. అందుకే చాలామంది 15 అంగుళాల రిమ్ములు వేయించి 195/50 ఆర్15కి మారతారు. లెక్క వేస్తే పాత టైరు ఎత్తు సుమారు 578 మిల్లీమీటర్లు, కొత్తది 576. స్పీడోమీటర్‌లో తేడా తెలియదు. ఇంకా వెడల్పు టైర్ల మోజు నాకు లేదు. స్టీరింగ్ బరువెక్కుతుంది, ఫెండర్‌కి, అంటే చక్రం పైనున్న రేకుకి, రాసుకున్నా రాసుకుంటుంది.

స్పీడ్ రేటింగ్, అంటే టైరు తట్టుకునే గరిష్ఠ వేగాన్ని చెప్పే అక్షరం, స్టిక్కర్ మీదున్నదానికి తగ్గకూడదు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240.

అన్నిటికంటే ముఖ్యం తయారీ తేదీ. టైరు పక్కభాగంలో DOT అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర 2319 అని ఉంటే, 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఇలాంటి కార్లు తిరిగేది తక్కువ కాబట్టి టైరు అరిగేలోపే ముసలిదైపోతుంది. టైరు మీది గాడులు లోతుగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం గట్టిపడి తడిరోడ్డు మీద జారుతుంది. ఏడాదిలోపు తయారైనవే అడగండి.

ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 200 ఉన్నవి గట్టిగా పట్టుకుంటాయి, త్వరగా అరుగుతాయి. రోడ్డు మీద నడపడానికైతే నా ఓటు 300 పైవాటికే. ఆ అంకె వేసుకునేది తయారీదారులే కాబట్టి రెండు కంపెనీలను దాంతో పోల్చకండి.

నాలుగూ ఒకే రకం వేయించండి. రెండే మారుస్తుంటే కొత్తవి వెనక చక్రాలకి.