‘టెల్’ దగ్గర ఎక్కడ తడబడుతున్నాం? సమస్య - పరిష్కారం

ఇంగ్లీషు నేర్చుకునేవారికి మొదటి రోజుల్లోనే పరిచయమయ్యే క్రియ ‘టెల్’. అర్థం అడిగితే ఎవరైనా ‘చెప్పు’ అనే అంటారు. ఆ ఒక్క మాటనే నమ్ముకొని వాక్యం కడితే మాత్రం చాలాచోట్ల బెసుకుతుంది. మీకు ఎదురైన చిక్కు కింద ఏ రూపంలో ఉందో వెతికి అక్కడి నుంచి చదవండి.

సమస్య: ‘హి టోల్డ్ టు మి’ అని వస్తోంది

కారణం మన విభక్తి. ‘నాకు చెప్పాడు’లో ‘కు’ ఉంది, ‘నాతో చెప్పాడు’లో ‘తో’ ఉంది. దాన్ని వదిలేస్తే ఏదో లోపించినట్టు తోచి ‘టు’ చేరుస్తాం. ‘టెల్’ పక్కన వినే మనిషి నేరుగా వస్తాడు: ‘హి టోల్డ్ మి’. ‘టు’ కావలసింది ‘సే’కు. చెప్పిన విషయం ముందు వచ్చి, మనిషి తరువాత వచ్చినప్పుడు మాత్రం ‘టెల్’కూ ‘టు’ పడుతుంది: ‘షి టోల్డ్ ద స్టోరీ టు ద చిల్డ్రన్’.

సమస్య: ‘హి టోల్డ్ దట్...’ అంటే తప్పంటున్నారు

‘వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు ఎవరికి చెప్పాడో తెలుగు అడగదు. ‘టెల్’ అడుగుతుంది. వినేవారు వాక్యంలో లేకపోతే ‘సే’ వాడాలి. ఇక్కడ మన ‘అను’ ధాతువు బాగా అక్కరకొస్తుంది. ‘వస్తానన్నాడు’ అని ఊరుకోగలిగితే ‘సెడ్’; ‘ఫలానావారికి చెప్పాడు’ అని పూరించగలిగితే ‘టోల్డ్’.

దీనికి లొంగనివి కొన్ని ఉన్నాయి. నిజం, అబద్ధం, కథ, రహస్యం చెప్పడానికి వినేవారు లేకపోయినా ‘టెల్’ వస్తుంది. కృతజ్ఞతలు, వీడ్కోలు చెప్పడానికి ‘సే’నే వాడాలి. వీటిని కంఠస్థం చేయడమే మార్గం.

సమస్య: వచ్చేది ఆయన, కానీ విన్నవారు నేను వస్తాననుకున్నారు

అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. వ్యాకరణ దోషం దగ్గర ఆగక సమాచారాన్నే తలకిందులు చేస్తుంది. ‘ఆయన వస్తానని నాకు చెప్పాడు’ అన్న వాక్యంలో ‘వస్తాను’ ఉత్తమ పురుషలోనే ఉంది. ఆయన నోటి మాటను మనం చెక్కుచెదరకుండా ‘అని’కి తగిలిస్తాం. అదే అలవాటుతో ‘హి టోల్డ్ మి ఐ విల్ కమ్’ అంటే, ఇంగ్లీషు వినేవారికి ఆ ‘ఐ’ మీరే అవుతారు.

వాక్యం కట్టే ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ పని చేసేది ఎవరు? ఆయనైతే ‘హి టోల్డ్ మి హి వుడ్ కమ్’. ‘నువ్వు గెలుస్తావని చెప్పాడు’ అన్నప్పుడు గెలిచేది మీరు కాబట్టి ‘హి టోల్డ్ మి ఐ వుడ్ విన్’. ‘విల్’ ‘వుడ్’గా మారడం రెండో మెట్టు, ముందు మనిషిని సరిచేసుకోండి.

సమస్య: ‘రమ్మని చెప్పాడు’ అనడం కుదరడం లేదు

ఇక్కడా ‘అని’ని ‘దట్’గా మార్చబోవడమే కారణం. ఆజ్ఞకు ‘టు’ వాడాలి: ‘హి టోల్డ్ మి టు కమ్’. ‘రావద్దని చెప్పాడు’ అయితే ‘హి టోల్డ్ మి నాట్ టు కమ్’. ‘రమ్మని చెప్పలేదు’ అయితే ‘హి డిడ్ నాట్ టెల్ మి టు కమ్’. మొదటిది నిషేధం, రెండోది కేవలం పిలవకపోవడం. ఈ తేడాను తెలుగు ఎంత స్పష్టంగా చూపుతుందో ఇంగ్లీషూ అంతే స్పష్టంగా చూపుతుంది.

ఈ వాడుకలో ‘టెల్’కు ఆదేశించే స్వరం ఉంది. పై అధికారిని ఏదైనా చేయమని కోరినప్పుడు ‘ఆస్క్’ వాడండి.

సమస్య: చదివేటప్పుడు ‘చెప్పు’ అన్న అర్థం అతకడం లేదు

పాత ఇంగ్లీషులో దీని రూపం ‘టెల్లన్’. లెక్కించడం, వివరించడం రెండూ దాని అర్థాలే. బ్యాంకులో డబ్బు లెక్కించి ఇచ్చే ‘టెల్లర్’, మొత్తం కలిపి అనే అర్థంలో ‘ఆల్ టోల్డ్’ ఆ పాత అర్థానికి మిగిలిన గుర్తులు. లెక్కపెట్టాలంటే ఒక్కొక్కదాన్నీ విడిగా పోల్చుకోవాలి కదా. ‘టెల్’కు గుర్తుపట్టడం, గ్రహించడం అనే అర్థాలున్నాయని నేను అలాగే జ్ఞాపకం పెట్టుకుంటాను. ‘ఐ కుడ్ టెల్ షి వజ్ టయర్డ్’ అంటే ఆమె అలసిపోయిందని నాకు తెలిసిపోయింది. కవలలను పోల్చుకోలేకపోతే ‘ఐ కాంట్ టెల్ దెమ్ అపార్ట్’.

పక్కన ‘ఆన్’ చేరితే కర్తను చూడండి. ‘ద స్ట్రెయిన్ ఈజ్ టెల్లింగ్ ఆన్ హిమ్’లో ఒత్తిడి అతణ్ని కుంగదీస్తోంది. ‘ద బాయ్ టోల్డ్ ఆన్ హిజ్ బ్రదర్’లో పిల్లవాడు సోదరుడి మీద చాడీ చెప్పాడు.

సమస్య: పర్యాయపదం పెడితే వాక్యం చెడుతోంది

అర్థం దగ్గరగా ఉన్నంత మాత్రాన నిర్మాణం ఒకటి కాదు. అధికారికంగా తెలియజేయడానికి ‘ఇన్ఫామ్’: ‘టెల్’ లాగే మనిషి నేరుగా వస్తాడు, విషయానికి ముందు ‘ఆఫ్’ గానీ ‘అబౌట్’ గానీ చేరుతుంది. కథను వివరించడానికి ‘నరేట్’, దాచినదాన్ని బయటపెట్టడానికి ‘రివీల్’, విడమరిచి చెప్పడానికి ‘ఎక్స్‌ప్లెయిన్’. ఈ మూడింటికీ మనిషి ముందు ‘టు’ తప్పనిసరి. ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అని ఎంతోమంది అంటారు. ‘ఎక్స్‌ప్లెయిన్ టు మి’ అనాలి. ‘టోల్డ్ టు మి’లోంచి తీసేసిన ఆ ‘టు’ను తెచ్చి ఇక్కడ పెట్టండి.