ఉగ్రస్తంభం దారి: బృందాన్ని తీసుకెళ్లే ముందు ఎదురయ్యే చిక్కులు, కారణాలు, పరిష్కారాలు

ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు పక్కగా జ్వాలా నరసింహ సన్నిధికి, అక్కడి నుంచి ఉగ్రస్తంభానికి (నరసింహుడు చీల్చుకుని వచ్చాడని భక్తులు నమ్మే రాతి స్తంభం) వెళ్లే దారి దూరం తక్కువే, ఇబ్బంది మాత్రం ఎక్కువ. ఇరవై మందిని తీసుకెళ్లేవారు ముందుగా రెండుసార్లు నడిచి చూడాలి. వారం ముందు దారి కోసం, ముందు రోజు నీటి కోసం. రెండుసార్లూ బృందం బయలుదేరే వేళకే బయలుదేరాలి. మధ్యాహ్నం ఎండిన బండను చూసి వచ్చినవారికి ఉదయపు తడి బండ గురించి ఏమీ తెలియదు. నల్లమల పులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ వారిని ముందే కలిసి, ఎక్కడిదాకా అనుమతి ఉందో అడిగి తెలుసుకోండి. దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకోండి.

ఫోన్‌లో దారి ఉంది, కాళ్ల కింద లేదు

వానాకాలం తర్వాత గడ్డి నడుము ఎత్తు పెరిగి దారిని కప్పేస్తుంది. పశువుల దారులు, తేనె కోసం వెళ్లేవారి దారులు అసలు దారిని కలిసి విడిపోతుంటాయి. ఎత్తయిన చరియల మధ్య జీపీఎస్ కూడా పదుల మీటర్లు తప్పు చూపించవచ్చు. ఫోన్‌లో గీత లోయ అవతలి గట్టు మీద కనిపిస్తే అది మీ తప్పు కాదు, సిగ్నల్ రాయికి తగిలి తిరిగి రావడం వల్ల వచ్చిన తేడా.

దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి ఫొటో తీయండి. దిగేటప్పుడు దారి వేరేలా కనిపిస్తుంది, ఎక్కువమంది తప్పిపోయేది అప్పుడే. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి. చెట్లకు రంగు పూయకండి, గాట్లు పెట్టకండి. గుడ్డ పేలికలు కడితే తిరుగు దారిలో విప్పేయండి.

మొదటిసారి పాదం మునిగింది, ఇప్పుడు పిక్క మునుగుతోంది

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఈ కొండలు క్వార్ట్‌జైట్ రాయి. వాన నీరు పెద్దగా ఇంకదు, నేరుగా వాగులోకి దిగుతుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పైన కురిసిన వాన కాసేపటికే ఇక్కడికి చేరుతుంది.

దాటే చోట నీటి అంచున ఒక రాయి పెట్టి పావుగంట ఆగండి. రాయి మునిగితే వాగు పెరుగుతోంది. నీరు ఎర్రబారడం, ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకురావడం కూడా అదే చెబుతాయి. ఒక ఎండుపుల్ల నీటిలో వేసి గట్టున పక్కగా నడవండి. అది మిమ్మల్ని దాటిపోతే ఆ ప్రవాహంలోకి ఎవరినీ దించకూడదు. నీరు నిదానంగా ఉన్నా మోకాలు దాటితే అదే మాట.

వాగు దాటడానికి మనుషులను తాడుతో కట్టకండి. జారినవారిని ఆ తాడే నీటి కిందికి అదిమేస్తుంది. ఎన్ని గంటలకు వెనక్కి మళ్లాలో, ఏ చోటు దాటాక తిరిగి రాలేమో ముందు రోజే కాగితం మీద రాసి అందరికీ చెప్పండి. దర్శనం దగ్గరపడ్డాక చెబితే ఎవరూ వినరు.

బండ పొడిగా ఉంది, అయినా జారుతోంది

నల్లటి పలచటి పొర కనిపిస్తే అది ఎండిన పాచి. చెప్పు తడవగానే నూనెలా జారుతుంది. జ్వాలా సన్నిధి దగ్గర వానాకాలంలో పైనుంచి నీటి ధార దారి మీదే పడుతుంది, అక్కడ ఇది ఖాయం. ముందు కాలి బరువులో సగం మోపి చూసి, తర్వాతే అడుగు వేయండి. స్తంభం వైపు రాళ్ల ఎక్కుడులో చేతి పట్టు కోసం పది మిల్లీమీటర్ల తాడు ఇరవై మీటర్లు చాలు. తొడంత లావున్న పచ్చి చెట్టుకే కట్టండి, ఎండు మోడుకు వద్దు. ఒకసారికి ఒక్కరే పట్టుకోవాలి. పైవారు కదిపిన రాయి దొర్లవచ్చు, కింద ఎవరూ నిలబడకూడదు.

మీకు మూడు గంటలు, బృందానికి అయిదున్నర

1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుతున్నాం: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఒక గంట. రాళ్ల దారిలో ఇది సరిపోదు. ఇరుకు చోటు దాటడానికి మనిషికి రెండు నిమిషాలు పడితే ఇరవై మందికి నలభై నిమిషాలు అక్కడే పోతాయి. దారి చూసేటప్పుడు ఇలాంటి చోట్లు లెక్కపెట్టి, ఒక్కోదానికి పట్టే సమయం రాసుకోండి. మొత్తానికి సగం కలపండి. డిసెంబరులో ఆరుకు ముందే పొద్దుగుంకుతుంది, లోయలో అంతకుముందే నీడ కమ్ముతుంది. మనిషికి ఒక టార్చి తప్పనిసరి.

చరియ కింద నల్లటి పెద్ద పట్టు వేలాడుతోంది

కొండ తేనెటీగలు. పొగ, ఘాటు సెంటు, అరుపులు, రాయి తగలడం, డ్రోన్ చప్పుడు ఏదైనా వాటిని రేపవచ్చు. చుట్టు దారి ఉంటే అదే పట్టండి, లేకుంటే ఆ నెలకు వాయిదా వేయండి. కుట్టితే ముఖం కప్పుకుని పరుగెత్తాలి, నీటిలో దూకకూడదు, పైకి తేలే దాకా అవి ఎదురుచూస్తాయి. ముల్లు గోటితో గీకి వెంటనే తీసేయాలి. ఒళ్లు దద్దుర్లు, ఊపిరాడకపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి. ఎవరికి అలర్జీ ఉందో బయలుదేరక ముందే అడిగి రాసుకోండి, డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షన్ ఉంటే వారి సంచిలోనే ఉండాలి.

పుట్ట తవ్వి ఉంది, మట్టి ఇంకా తడిగా ఉంది

ఎలుగుబంటి చెదల కోసం తవ్వింది. ఇప్పపూలు రాలే వేసవి ఉదయాల్లో మరీ జాగ్రత్త. తెల్లవారాకే బయలుదేరండి, పొదల మలుపుల్లో మాట్లాడుకుంటూ నడవండి. ముందూ వెనుకా ఒక్కో పెద్దమనిషి ఉండాలి. పులి అడుగులు తాజాగా కనిపిస్తే ఆ రోజు నడక ఆపి అటవీ సిబ్బందికి చెప్పండి.

గుండాల్లో నీరు లేదు

వేసవి దగ్గరయ్యేకొద్దీ ఊటలు తగ్గిపోతాయి. నిలిచిన మడుగుల్లో పశువులు దిగుతాయి. మనిషికి మూడు లీటర్లు కిందనుంచే మోయించండి. ఫోన్ ఏ మలుపులో ఏ నెట్‌వర్క్ పట్టిందో కూడా రాసిపెట్టండి. కాలు బెణికినవారిని మోయాల్సి వస్తే పరుగెత్తాల్సింది ఆ మలుపుకే.