పౌర పాఠాలు – 4వ భాగం: ఫిర్యాదును సమాచార దరఖాస్తుగా మలచడం

గత పాఠంలో మీ ఊరిలో కనిపించిన ఒక లోటును తేదీతో, స్థలంతో సహా నోటుపుస్తకంలో రాసి ఉంచమని చెప్పాము. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు చదువుకుంటున్నవారిలో చాలామంది తాగునీటి గురించే రాసి ఉంటారు. ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి ఇళ్లను కుంగదీస్తున్నా దానికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు కాబట్టి, బడి కుళాయి నీళ్లు మంచివేనా అన్న అనుమానం పదో తరగతి విద్యార్థికి రావడంలో వింత లేదు. ఆ అనుమానాన్ని, కార్యాలయం బదులివ్వక తప్పని రూపంలోకి తేవడమే ఈ భాగంలో నేర్చుకోవలసిన పని.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమలులోకి వచ్చింది. అందులోని 3వ సెక్షన్ ఈ హక్కు పౌరులందరిదీ అంటుందే తప్ప వయసు మాట ఎత్తదు. ఓటు వేయడానికి 18 ఏళ్లు నిండాలి గాని, ప్రభుత్వ కాగితాన్ని చూపమని అడగడానికి చట్టం అలాంటి వయసు పరిమితేమీ పెట్టలేదు. పౌరశాస్త్రం పుస్తకాలు ఓటుకు ఇచ్చినన్ని పేజీలు ఈ సంగతికి ఇవ్వకపోవడం నాకు ఎప్పుడూ లోటుగానే తోస్తుంది.

ఇక అసలు మెళకువ. చట్టం దృష్టిలో సమాచారమంటే కార్యాలయం దగ్గర ఇప్పటికే ఉన్న రికార్డు, నివేదిక, ఉత్తర్వు, లాగ్‌బుక్కు, నమూనా వంటివి. అధికారి కొత్తగా ఆలోచించి చెప్పవలసిన సంజాయిషీ అందులోకి రాదు. నేను మొదటిసారి రాసిన దరఖాస్తులో "ఎందుకు" అనే మాట ఐదుసార్లు ఉంది. మీరు అడిగింది సమాచారం కాదన్న ఒక్క వాక్యంతో అది తిరిగి వచ్చింది. కోపం వచ్చిన మాట నిజమే గాని, తప్పు నా వాక్యాలలోనే ఉంది.

"మా బడికి మురికి నీళ్లు ఎందుకు ఇస్తున్నారు?" అన్నది ఫిర్యాదు. దానినే ఇలా మార్చి చూడండి: "మా ఉన్నత పాఠశాలకు నీరు అందించే బోరు, ట్యాంకుల నీటిని 2023 జనవరి 1 నుంచి నేటి వరకు ఏయే తేదీలలో పరీక్షించారో తెలిపి, ఆ పరీక్షా నివేదికల నకళ్లు ఇవ్వగలరు. అదే కాలంలో ట్యాంకును శుభ్రం చేసిన తేదీల రిజిస్టరు పుటల నకళ్లు కూడా ఇవ్వగలరు." ఇందులో నింద లేదు, స్థలం, కాలం, కాగితం పేరు మాత్రమే ఉన్నాయి. పరీక్ష జరిగి ఉంటే నివేదిక మీ చేతికి వస్తుంది. అసలు జరగకపోతే నివేదికలు లేవన్న జవాబు సంతకంతో వస్తుంది, ఒక్కోసారి దాని విలువే ఎక్కువ.

ఈ దరఖాస్తును గ్రామీణ నీటి సరఫరా విభాగపు పౌర సమాచార అధికారికి తెలుగులోనే, తెల్లకాగితం మీద రాయవచ్చు. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కరలేదని 6వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కాగితం మరొక కార్యాలయానికి చెందినదైతే, అందుకున్న అధికారే 5 రోజులలోగా అక్కడికి పంపించాలి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలవారు ధ్రువపత్రం జతచేస్తే ఏ స్థాయిలోనూ చెల్లించనక్కరలేదు. నేరుగా ఇస్తే మీ నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోవడం, తపాలాలో పంపితే రసీదు దాచుకోవడం మరవకండి. జవాబుకు ఉన్న 30 రోజుల గడువు దరఖాస్తు అక్కడ అందిన నాటి నుంచి మొదలవుతుంది, దానికి రుజువు ఆ ముద్రే.

అభ్యాసం: మీ నోటుపుస్తకంలోని ఫిర్యాదును "ఎందుకు", "ఎలా" అనే మాటలు లేకుండా, కనీసం ఒక కాగితం పేరు, ఒక కాలపరిమితి ఉండేలా రెండు వాక్యాలలో తిరిగి రాయండి. రాసినదాన్ని పక్క తరగతి విద్యార్థికి చదివి వినిపించి, ఏ కాగితం అడుగుతున్నారో అతడిని చెప్పమనండి. అతడు తడబడితే వాక్యాన్ని మళ్లీ దిద్దుకోండి. 30 రోజులు గడిచినా జవాబు రానప్పుడు పై అధికారికి మొదటి అప్పీలు రాసే పద్ధతిని 5వ భాగంలో చూద్దాం.