హనుమకొండలో కూర్చుని జాజ్ రీఇష్యూలు కొనడం ఎలా

పాత జాజ్ రికార్డులను మళ్లీ అచ్చు వేసి అమ్మేవే రీఇష్యూలు. వరంగల్‌లో గానీ హనుమకొండలో గానీ జాజ్ ఎల్పీని, అంటే పెద్ద వినైల్ రికార్డును, చేత్తో పట్టుకుని, వెనక అట్ట చదివి, ఓ పాట వేయించుకుని విని కొనే వీలు దాదాపు లేనట్టే. కరీంనగర్, నిజామాబాద్ వాళ్ల పరిస్థితీ అంతే. ఫోన్‌లో ఫోటో చూసి డబ్బు కట్టి పార్సిల్ కోసం ఎదురు చూడాలి. అందుకే ఆర్డర్ పెట్టే ముందు ఒక ప్రశ్న తప్పకుండా వేసుకోండి: ఈ డిస్కులోకి సంగీతాన్ని దేని నుంచి (టేపా, సీడీయా) దించారు, దించింది ఎవరు? 180 గ్రాముల బరువు, రంగు వినైల్, లిమిటెడ్ ఎడిషన్ స్టిక్కర్, ఇవన్నీ ఆ తర్వాతే. అసలు టేపు నుంచి చేయి తిరిగిన ఇంజనీరు కట్ చేస్తే (గాడి చెక్కితే) మామూలు 140 గ్రాముల డిస్కు కూడా అద్భుతంగా పలుకుతుంది. ఏదో సీడీ నుంచి దించిన దానికి బరువెంత పెంచినా లాభం లేదు.

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' చాలు. 1959లో న్యూయార్క్‌లోని కొలంబియా వారి 30వ వీధి స్టూడియోలో దాన్ని రెండు రోజుల్లో రికార్డు చేశారు, మార్చి 2న కొంత, ఏప్రిల్ 22న కొంత. మార్చి 2న మాస్టర్ టేపు తీసిన మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో వేస్తే శ్రుతి పైకి వెళ్తుంది, అంటే మొదటి వైపు మూడు పాటలూ ముప్పై ఏళ్లకు పైగా జనం తప్పు శ్రుతిలోనే విన్నారు. పక్కన ఇంకో మెషిన్ మీద తీసిన టేపు సరిగ్గా ఉందని గమనించి, 1992 రీఇష్యూలో దాన్ని వాడి సరిచేశారు. హార్మోనియమో కీబోర్డో పక్కన పెట్టుకుని రికార్డుతో పాటు వాయించే అలవాటున్న వాళ్లకి ఇది ఎంత పెద్ద తేడానో వేరే చెప్పక్కర్లేదు. పాత ప్రెస్సింగ్ (అచ్చు) ఎప్పుడూ మేలు, కొత్తది ఎప్పుడూ నాసి అనే మాటను నేను ఒప్పుకోను.

మరి ఎవరు దించారో ఎలా తెలుస్తుంది? మంచి కంపెనీ అయితే వెనక అట్ట మీదో స్టిక్కర్ మీదో గర్వంగా రాస్తుంది: అసలు అనలాగ్ టేపుల నుంచి ఫలానా ఇంజనీరు మాస్టరింగ్ చేశాడు (అచ్చుకు ముందు ధ్వనిని సరిదిద్దాడు), ఫలానా ప్లాంట్‌లో ప్రెస్ చేశారు అని. ఏమీ రాయకుండా 'రీమాస్టర్డ్' అన్న ఒక్క మాటతో సరిపెడితే నేనైతే ఆగుతాను. రెండో సాక్ష్యం డిస్కు మీదే ఉంటుంది. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి జాగాలో, దాన్నే రనౌట్ అంటారు, చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. కెవిన్ గ్రే కట్ చేసిన వాటిలో కేపీజీ అనీ, ర్యాన్ స్మిత్ కట్ చేసిన వాటిలో ఆర్కేఎస్ అనీ కనిపిస్తుంది. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ పాత డిస్కుల్లో ఆర్వీజీ అనో వాన్ గెల్డర్ అనో ముద్ర ఉంటుంది, ఆ సంగీతాన్ని రికార్డు చేసిన రూడీ వాన్ గెల్డర్ స్వయంగా కట్ చేసినట్టు గుర్తు. అమ్మేవాళ్లను ఆ జాగా ఫోటో తీసి పంపమని అడగండి, మొహమాటం వద్దు. ఆ అక్షరాలను డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్‌లో వెతికితే అది ఏ ఏడాది, ఏ దేశం ప్రెస్సింగో దాదాపు తెలిసిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టే వాళ్లు బ్లూ నోట్ వారి క్లాసిక్ వినైల్ సిరీస్‌తో మొదలుపెట్టడం మంచిది. అదే కంపెనీ 2019లో మొదలుపెట్టిన టోన్ పొయెట్ సిరీస్ ఇంకా అందంగా ఉంటుంది, మందపాటి మడత కవర్, లోపల సెషన్ ఫోటోలు, ధర కూడా దానికి తగ్గట్టే. కానీ రెండింటికీ మాస్టరింగ్ చేసింది కెవిన్ గ్రేయే, కాబట్టి తక్కువ ధరది కొంటే చెవికి అన్యాయం జరగదు. క్రాఫ్ట్ కంపెనీ 2023లో మళ్లీ మొదలుపెట్టిన ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్, వెర్వ్ వారి అకౌస్టిక్ సౌండ్స్ సిరీస్ కూడా కళ్లు మూసుకుని కొనదగ్గవే. మొబైల్ ఫిడెలిటీ అనే రీఇష్యూ కంపెనీ విషయంలో 2022లో పెద్ద గొడవే అయింది. పూర్తిగా అనలాగ్ అని అందరూ అనుకున్న వాళ్ల డిస్కుల్లో చాలావాటికి టేపుకీ కటింగ్‌కీ మధ్య డిజిటల్ దశ ఉందని బయటపడింది. ఆ డిస్కులు వినడానికి బాగుంటాయన్న మాట నిజమే, అయినా అంత ధర పెట్టి కొనేవాళ్లకి ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది.

ఇక ఆన్‌లైన్‌లో సగం ధరకే కనిపించే యూరప్ ప్రెస్సింగ్‌ల గురించి. రికార్డింగ్ హక్కుల గడువును అక్కడ 2013లో 50 ఏళ్ల నుంచి 70కి పెంచారు, కానీ అప్పటికే గడువు తీరినవి వెనక్కి రాలేదు. అంటే 1962 వరకు విడుదలైన జాజ్‌ను అక్కడ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. చట్టం ప్రకారం తప్పేం లేదు, మన దగ్గర కూడా 60 ఏళ్లు దాటితే అంతే. చిక్కేమిటంటే వాళ్లలో చాలామందికి అసలు టేపులు అందవు, సీడీ నుంచో పాత ఎల్పీ నుంచో దించేస్తారు. చేతిలో డబ్బు తక్కువ ఉండి ఆ పాటలు ఎలాగైనా ఎల్పీ మీద వినాలనుకుంటే కొనండి. దాచుకోవడానికైతే వద్దు.

గాత్రం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సాక్సోఫోన్‌లో చిన్న లోపం దాక్కుంటుంది గానీ మనిషి గొంతులో దాక్కోదు. ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో వెర్వ్‌కి పాడిన, కోల్ పోర్టర్ రాసిన పాటలు మంచి పరీక్ష. 'స', 'ష' శబ్దాలు చెవిలో సూదిలా గుచ్చుకుంటున్నాయంటే కటింగ్ అన్నా బాగోలేదు, మన నీడిల్ అన్నా అరిగిపోయింది. బిల్లీ హాలిడే 1958లో పాడిన 'లేడీ ఇన్ శాటిన్'లో ఆమె గొంతు బాగా దెబ్బతిని ఉంటుంది. ఆ బొంగురును, ఆ ఊపిరిని వినడానికే ఆ రికార్డు వేసుకుంటాం, వాటిని నున్నగా చెరిపేసిన రీమాస్టర్ నాకు వద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, పాత మోనో (ఒకే ఛానెల్) రికార్డింగులను 1960ల్లో కృత్రిమంగా స్టీరియోలా మార్చి అమ్మారు. కవర్ మీద 'ఎలక్ట్రానికల్లీ రీప్రాసెస్డ్ ఫర్ స్టీరియో' అనో 'డ్యుయోఫోనిక్' అనో ఉంటే ఎంత చవకైనా ముట్టుకోకండి. మోనోగా పాడింది మోనోగానే వినాలి.

1948లో ఎల్పీ రాక ముందు వచ్చినవన్నీ 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) డిస్కులు, అంటే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925లో మొదలుపెట్టిన హాట్ ఫైవ్ బృందం పాటలు, 1930ల్లో బిల్లీ హాలిడే పాడినవి అన్నీ. వీటికి ఎల్పీ వెంట పడకుండా మంచి సీడీ సెట్ కొనమంటాను. ఇక్కడ కూడా ప్రశ్న అదే, దించింది ఎవరు? గరగర పూర్తిగా తీసేస్తే దాంతో పాటు ట్రంపెట్ మెరుపు కూడా పోతుంది. జాన్ ఆర్.టి. డేవిస్ అనే బ్రిటిష్ ఆయన ఈ పనిలో మహానుభావుడు, కాస్త గరగర ఉంచి సంగీతాన్ని కాపాడాడు. జేఎస్పీ కంపెనీ వారి హాట్ ఫైవ్, హాట్ సెవెన్ సెట్ ఆయన చేతి పనే.

అసలు 78లే కావాలంటే కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో వెతకాలి, అక్కడి డమ్ డమ్ రికార్డుల ఫ్యాక్టరీలో ప్రెస్ చేసినవి ఇప్పటికీ తిరుగుతున్నాయి. హైదరాబాద్ వెళ్తే ఆదివారం అబిడ్స్‌లో పుస్తకాల మధ్య కూడా ఓ కన్నేయండి, జుమ్మేరాత్ బజార్ సరే సరి. 78లు లక్కతో చేసినవి, మన అడవుల్లో మోదుగు చెట్ల మీద బతికే ఆ లక్క పురుగు ఇచ్చేదే. అందుకే వాటిని స్పిరిట్‌తో తుడవద్దు, లక్క కరిగిపోతుంది. వాటికి వెడల్పు నీడిల్ వేరే కావాలి, ఎల్పీ నీడిల్‌తో వేయకండి.

ప్లేయర్ గురించి ఒక్క మాట. సూట్‌కేసులా మూసే చవక ప్లేయర్లు ఐదారు గ్రాముల బరువుతో డిస్కును రాకుతాయి. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ (నీడిల్ బిగించే భాగం) ఉండి రెండు గ్రాముల దగ్గర నడిచేది కొన్నాకే ఖరీదైన రీఇష్యూ కొనండి.

మన ఎండల సంగతి మీకు తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్ పెట్టకండి, డెలివరీ బండిలో మధ్యాహ్నమంతా వేడెక్కిన డిస్కు వంకర పోతుంది. దసరా తర్వాత నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఇంట్లో పై అంతస్తు స్లాబు కింది గదిలో పెట్టొద్దు, కింది అంతస్తు గదిలో గోడకు కాస్త ఎడంగా నిలువుగా పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చడం మస్తు నష్టం. ఏనుమాముల మార్కెట్ వైపు ఉండేవాళ్లకి మిర్చి సీజన్‌లో దుమ్ము ఎంత ఉంటుందో తెలుసు కదా, ప్లేయర్ మూత తెరిచి వదలకండి, వేసే ముందు ప్రతిసారీ కార్బన్ బ్రష్‌తో తుడవండి. వానాకాలం లోపలి కాగితపు కవర్లకి బూజు పడుతుంది, వాటి బదులు యాంటీ స్టాటిక్ కవర్లు వేసుకోవాలి.

పార్సిల్ రాగానే వీడియో తీస్తూ విప్పండి. డిస్కును తిప్పుతూ పక్క నుంచి చూస్తే వంకర ఉంటే తెలుస్తుంది, మధ్య రంధ్రం సరిగ్గా లేకపోతే పియానో స్వరం ఊగుతుంది. రెండు వైపులా పూర్తిగా వినండి, రనౌట్ అక్షరాలు అమ్మినవాళ్లు పంపిన ఫోటోతో పోల్చండి. తేడా ఉంటే 'పోనీలే' అనుకోకుండా అదే రోజు ఫోటోతో రిటర్న్ పెట్టేయండి, ఎక్కువ మంది అమ్మకందారులు ఇచ్చే గడువు కొద్ది రోజులే.