కాన్ఫరెన్స్‌కి హైదరాబాద్ వెళ్తూ పిల్లల్ని థీమ్ పార్కుకి తీసుకెళ్లడం ఎలా?

నేను విజయవాడలో ఒక కాలేజీలో పాఠాలు చెప్తాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు హైదరాబాద్‌లో, ఎక్కువగా మాదాపూర్ వైపు హెచ్‌ఐసీసీలో (అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో) జరిగే కాన్ఫరెన్స్‌లకు వెళ్లాల్సి వస్తుంది. మొదటిసారి ఇంటిల్లిపాదినీ బుధవారమే వెంటబెట్టుకుని వెళ్లాను. రెండున్నర రోజులు వాళ్లు హోటల్ గదిలో టీవీ చూస్తూ గడిపారు. నేనేమో హాల్లో కూర్చుని ఐదు నిమిషాలకోసారి ఫోన్ చూసుకున్నాను. పార్కుకి వెళ్లాల్సిన శనివారం వచ్చేసరికి ఎవరికీ ఓపిక మిగల్లేదు. ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాం. ఇప్పుడు ఎలా చేస్తున్నామో చెప్తాను.

మొదటి పని: రోజులు విడగొట్టండి

కాన్ఫరెన్స్ శుక్రవారంతో ముగిసేదైతే ఈ ఆలోచన చేయండి. మంగళవారంతో అయిపోయేదైతే వద్దు, పిల్లల బడి పోతుంది. గురు, శుక్రవారాలు పూర్తిగా పనికే ఇచ్చేయండి. ఇంట్లోవాళ్లు శుక్రవారం సాయంత్రానికి చేరితే చాలు. శనివారం పార్కు, ఆదివారం తిరుగు ప్రయాణం. పిల్లలకు ముందే "నాన్న పని శుక్రవారం అయిపోతుంది, శనివారం మనది" అని చెప్పేస్తే మధ్యలో ఫోన్లు రావు, మనకూ టెన్షన్ ఉండదు.

ఆఫీసులో ముందే అడగండి

శుక్రవారం బదులు ఆదివారం తిరిగొస్తే తిరుగు టికెట్ ఇస్తారా, ఇవ్వరా? దీనికి జవాబు ఫోన్లో కాకుండా మెయిల్‌లో తీసుకోండి. హోటల్లో శుక్రవారం ఉదయం దాకా ఒక బిల్లు, ఆ తర్వాతది వేరే బిల్లు అడిగి రాయించుకోండి. పిల్లల భోజనం, పార్కు టికెట్లు ఆఫీసు బిల్లుల జోలికి రాకూడదు.

పార్కును ఊరి మ్యాపు చూసి ఎంచుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. హెచ్‌ఐసీసీ ఊరికి పడమటి వైపు. రామోజీ ఫిల్మ్ సిటీ తూర్పున, విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. రైడ్ల పార్కు వండర్‌లా ఆగ్నేయంగా రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ పక్కన. అంటే మీ పని ఒక కొసన, పిల్లల ఆట ఇంకో కొసన. పొద్దున్నే మాదాపూర్‌లో లేచి ఊరి మధ్యనుంచి ఫిల్మ్ సిటీకి బయల్దేరితే పిల్లల హుషారంతా సిగ్నళ్ల దగ్గరే కరిగిపోతుంది.

అందుకే ఇంట్లోవాళ్లను మీ దగ్గరికి రప్పించకండి, మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి. విజయవాడ నుంచి వచ్చే బస్సు ఎలాగూ ఫిల్మ్ సిటీ ముందునుంచే వెళ్తుంది. మావాళ్లు ఫిల్మ్ సిటీ దాటాక వచ్చే హయత్‌నగర్‌లో దిగి అక్కడే గది తీసుకుంటారు. నేను శుక్రవారం చివరి సెషన్ అవగానే బ్యాగు సర్దుకుని అక్కడికి చేరతాను. గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కితే, హయత్‌నగర్ పక్కనుండే పెద్ద అంబర్‌పేట దాకా దాదాపు 60 కిలోమీటర్లు. దూరం ఎక్కువే, కానీ ఆగకుండా సాగిపోతాం. కారు లేకపోతే రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎల్బీ నగర్‌లో దిగండి. అక్కణ్నుంచి హయత్‌నగర్ వైపు సిటీ బస్సులుంటాయి. శుక్రవారం సాయంత్రం ఔటర్ ఎక్కేదాకా ఉండే ట్రాఫిక్ చూస్తే కారు కంటే నాకు మెట్రోనే నయం అనిపిస్తుంది.

కర్నూలు, అనంతపురం వైపు నుంచి రోడ్డున వచ్చేవాళ్లకు శంషాబాద్ దారిలోనే తగులుతుంది. అక్కడ బస చేస్తే ఔటర్ మీద వండర్‌లా దగ్గర. విమానంలో వచ్చేవాళ్లకూ ఇదే మాట. వరంగల్ వాళ్లు ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే ఊళ్లోకి రాకుండానే రెండింటికీ వెళ్లొచ్చు. రైల్లో వచ్చేవాళ్లు టికెట్ మీద దిగే స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలైంది, కొన్ని రైళ్లు ఇప్పుడు సికింద్రాబాద్‌కి బదులు అక్కడే ఆగిపోతున్నాయి.

ఏ పార్కు అంటే, ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, అమ్మమ్మా తాతయ్యా కూడా ఉంటే ఫిల్మ్ సిటీయే మంచిది. బస్సులో కూర్చోబెట్టి సెట్లు, తోటలు తిప్పి చూపిస్తారు. మధ్య మధ్యలో షోలు ఉంటాయి, పెద్దవాళ్లు కాసేపు కూర్చోవచ్చు. పదేళ్లు దాటిన పిల్లలకు వండర్‌లా. డిసెంబరు, జనవరి చలిలో నీటి రైడ్ల నుంచి బయటికి రాగానే పిల్లలు వణికిపోతారు కాబట్టి ఆ నెలల్లో మేం ఫిల్మ్ సిటీకే వెళ్తాం. ఎండాకాలంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, నీళ్లున్న చోటే సుఖం. ఒకే వారాంతంలో రెండూ చూసేద్దామని మాత్రం అనుకోకండి. డబ్బులు దండగ, పిల్లలకు జ్వరం.

బయల్దేరే ముందు టేపు తీయండి

వండర్‌లాలో టికెట్ ధర పిల్లల ఎత్తును బట్టి ఉంటుంది, వయసును బట్టి కాదు. పెద్ద రైడ్లు కొన్నింటికి 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఈ సంగతి మా పిల్లలకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. కొలబద్ద దగ్గర మా చిన్నోడు మడమలు ఎత్తి, మెడ సాగదీసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అక్కడి కుర్రాడు వంగి వాడి భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు. మడమలు నేలకి ఆనగానే గీత వాడి తలకు రెండు వేళ్ల పైన ఉండిపోయింది. వాడు ఏడవలేదు. అక్క లైన్లోకి వెళ్తుంటే చూస్తూ నా చిటికెన వేలు గట్టిగా పట్టుకున్నాడు. అది ఇంటి దగ్గరే గోడకు నిలబెట్టి కొలిచి, "నువ్వు ఎక్కేవి ఇవి, అక్క ఎక్కేవి అవి" అని చెప్పాల్సిన విషయం. ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

బట్టలు కూడా ముందే చూసుకోండి. నీటి రైడ్లకు నూలు బట్టలు పనికిరావు, నైలాన్ లాంటివి కావాలి. అక్కడ కొనొచ్చు, కానీ ఇంటి దగ్గరే కొనుక్కుంటే ఖర్చు తగ్గుతుంది. ఒక్కొక్కరికి ఒక తువ్వాలు, పొడి బట్టలు ఒక జత, తడివి పెట్టడానికి ప్లాస్టిక్ సంచి పెట్టుకోండి.

బయటి తిండి లోపలికి రానివ్వరు. కాబట్టి పొద్దున్న ఇడ్లీయో ఉప్మాయో కడుపునిండా పెట్టే తీసుకెళ్లండి. పూరీలు, బజ్జీలు వద్దు, గిరగిర తిరిగే రైడ్ ఎక్కాక అవి కడుపులో నిలవవు. మా ఆవిడ పులిహోర కట్టి గదిలో ఉంచుతుంది, సాయంత్రం తిరిగి రాగానే అందరం దాని మీద పడతాం.

పార్కులో ఆ రోజు

టికెట్లు ముందురోజే ఆన్‌లైన్‌లో తీసుకుని, గేటు తెరిచేసరికి అక్కడుండండి.  వండర్‌లాలో నీళ్లు లేని పొడి రైడ్లతో మొదలుపెట్టి, పెద్ద క్యూ ఉండేవి పొద్దున్నే ముగించండి. నీటి రైడ్లు సాయంత్రానికల్లా ఆపేస్తారు, అందుకే మధ్యాహ్నం భోజనం అయ్యాక అరగంట ఆగి అటు వెళ్లండి.

ఫిల్మ్ సిటీలో కారు గేటు దగ్గరే ఆపాలి. అక్కణ్నుంచి వాళ్ల బస్సులో కొన్ని కిలోమీటర్లు లోపలికి వెళ్తాం. టోపీ, మాత్రలు, పవర్ బ్యాంక్ కార్లో మర్చిపోతే సాయంత్రం దాకా వాటి ఊసు వదులుకోవాల్సిందే. బస్సు ఎక్కే ముందు ఒక్క నిమిషం ఆగి అన్నీ చూసుకోండి. లోపలికి వెళ్లగానే షోల టైములు ఫోన్లో ఫోటో తీసుకుని, వాటి మధ్య ఖాళీల్లో మిగతావి చూడండి.

లాప్‌టాప్‌ను గదిలోనే పెట్టి తాళం వేయండి, కార్లో వదలొద్దు. కాన్ఫరెన్స్‌లో పరిచయమైన వాళ్లకు రాయాల్సిన మెయిళ్లు శుక్రవారం రాత్రే పంపేయండి. శనివారం ఫోన్ ఫోటోలకే.

తిరుగు ప్రయాణం

ఆదివారం సాయంత్రం రద్దీ హైదరాబాద్ వచ్చే వైపే ఎక్కువ, విజయవాడ వెళ్లే వైపు కాస్త తెరిపి ఉంటుంది. అయినా మేం మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరతాం, పిల్లలు పంతంగి టోల్‌గేటు రాకముందే నిద్రపోతారు. సంక్రాంతి ముందు వారం మాత్రం ఈ ప్లాన్ పెట్టుకోకండి. ఆ టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరతాయి. ఇంటికి చేరగానే తడి బట్టల సంచి ఆ రాత్రే విప్పి ఆరేయండి, సోమవారం దాకా ఉంచితే ఆ వాసన పోదు.