ఇంటినిండా పిల్లి బొమ్మలు: ఎక్కడ చిక్కు, ఏం చేయాలి

పిల్లిని తెచ్చుకున్న ఏడాదికల్లా ఇంట్లో గజ్జెల బంతులు, ఈకల కట్టెలు, ఊలు ఎలుకలు గుట్టపడతాయి. ఊడ్వబోతే చీపురు ఆడదు. పిల్లేమో కిటికీలో కూర్చుని బయటికి చూస్తుంటుంది. అప్పుడు కొందరు ఇంకో కొత్త బొమ్మ కొంటారు, కొందరు విసిగి అన్నీ చెత్తబండిలో వేస్తారు. రెండూ పనికిరావు. బొమ్మలు ఎక్కువ కావడం కాదు అసలు ఇబ్బంది, అవన్నీ పొద్దస్తమానం దాని కళ్ల ముందే పడి ఉండటం.

నేలంతా బొమ్మలే, పిల్లి ఒక్కదాన్నీ ముట్టదు

పిల్లికి ఆట అంటే వేటే. పొంచి చూడాలి, తరమాలి, దూకాలి, పట్టి కొరకాలి. పొద్దున్నుంచి బండల మీద కదలకుండా పడి ఉన్న ఎలుక బొమ్మలో తరమడానికేం లేదు. కదిలే బొమ్మైనా అదే రోజూ అయితే మోజు త్వరగా తీరిపోతుంది. వాసన, రంగు, మెత్తదనం మారితే మళ్లీ లేచి వస్తుంది.

అందుకని మూడో నాలుగో బయట ఉంచి, మిగతావన్నీ గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టేయండి. వారానికోసారి మార్చండి. మూత తప్పనిసరి, ఎందుకంటే లోపలున్న వాటి వాసన దాని ముక్కుకు అందకూడదు. చేను గట్ల మీద, గోడవార మొలిచే కుప్పింటాకు మొక్క తెలుసు కదా, దాని వేరు వాసనకు చాలా పిల్లులు పొర్లాడతాయి. వేరు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో మూటగట్టి ఆ డబ్బాలో వేస్తే పాత బొమ్మలకే కొత్త వాసన పడుతుంది. మూట మాత్రం బయటికి తీయొద్దు, పిల్లిని నమలనివ్వొద్దు.

ఇంతకన్నా ముఖ్యం మీ చెయ్యి. పొద్దున, సాయంత్రం ఓ పది నిమిషాలు ఈకల కట్టె పట్టుకుని మీరే ఆడించండి. దాన్ని పిల్లి మొహం మీదికి తేవద్దు, ఏ ఎలుకా పిల్లికి ఎదురు రాదు. మంచం కోడు వెనక్కో, తలుపు చాటుకో జారుకుంటున్నట్టు లాగండి. చెవులు ముందుకు తిరుగుతాయి, కనుపాపలు పెద్దవవుతాయి, దూకేముందు వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. సరిగ్గా అక్కడ కట్టె కదపకుండా ఆపండి. చివర్లో పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. లేజర్ లైటుతో ఆడించేవాళ్లకు కూడా ఇదే మాట. ఎంత తరిమినా ఏదీ చేతికి చిక్కకపోతే దానికి తిక్క పుడుతుంది. ఆట ముగిసేసరికి దాని పంజాల్లో ఒక బొమ్మ ఉండాలి.

బంతులన్నీ బీరువా కిందే

షాబాద్ బండలైనా టైల్సైనా నునుపే, గుండ్రటిది ఆగదు. బీరువా, దీవాన్, ఫ్రిజ్ కింద సందుల్లో పాత దుప్పటి చుట్టి దూర్చండి, లేదా చెక్క పట్టీ అడ్డం పెట్టండి. బంతిని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులోనో, అంచులున్న అట్టపెట్టెలోనో వేసిస్తే ఇల్లంతా దొర్లదు.

తెల్లవారుజామున గజ్జెల మోత

పిల్లులు సంధ్యవేళల్లో చురుగ్గా ఉంటాయి, పుట్టుక నుంచే అంత. పైగా ఎండాకాలంలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతే పగలంతా కూలర్ ముందు పడుకుని, చల్లబడ్డాక లేస్తుంది. మీరు పడుకునే ముందు బాగా ఆడించి, తర్వాత తిండి పెట్టండి. గజ్జెలున్నవన్నీ రాత్రి డబ్బాలోకి.

బొమ్మకున్న దారం కనబడదు, పిల్లి వాంతి చేసుకుంటోంది

ఇది చిందరవందర కన్నా చాలా పెద్ద విషయం, దయచేసి జాగ్రత్తగా చదవండి.

పిల్లి నాలుక మీది గరుకు ముళ్లు గొంతువైపు వంగి ఉంటాయి. నోట్లో పడ్డ దారాన్ని బయటికి తోయడం దానికి కష్టం, లోపలికే పోతుంది. ఒక కొస నాలుక అడుగునో, కడుపులోనో చిక్కుకుంటే మిగతాది పేగుల్లోకి సాగుతుంది. పేగు ఆ దారాన్ని ముందుకు నెట్టబోయి తానే కుచ్చులు పడుతుంది, బిగిసిన దారం పేగును కోసేస్తుంది. ప్రాణం పోవచ్చు.

నారాయణపేట, గద్వాల, పోచంపల్లి, పుట్టపాక వైపు మగ్గమున్న ఇళ్లలో ఈ భయం ఇంకా ఎక్కువ. పట్టు పోగులు, జరీ, కండెలు, ముడులు కట్టే రబ్బరు పీలికలు అన్నీ పిల్లి కళ్లకు బొమ్మలే. కుట్టు మిషన్ ఉన్న ఇంట్లో సూదితో సహా మింగొచ్చు. పూలదండ దారం, జడ రబ్బర్లు, సంక్రాంతి మాంజా కూడా అంతే. కండెలు మూత డబ్బాలో పెట్టండి. దారం, రిబ్బను ఉన్న బొమ్మ మీ చేతిలో ఉన్నంతసేపే బయట ఉండాలి, ఆట అయిపోగానే బీరువాలోకి.

నోట్లోంచో, మలద్వారం నుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు. నూనె, నెయ్యి తాగించి చూద్దామనుకోవద్దు. తిండి మానేసి, మళ్లీ మళ్లీ వాంతి చేసుకుంటూ మూలకు నక్కితే వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చిరిగిన బొమ్మను కూడా పట్టుకెళ్లి చూపించండి. ఆపరేషన్ కావాలంటే జిల్లాలో అన్నిచోట్లా కుదరకపోవచ్చు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు, కాబట్టి తెల్లారేదాకా ఆగొద్దు. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి ఆస్పత్రికి గానీ, నగరంలో మీకు తెలిసిన డాక్టరుకు గానీ ముందే ఫోన్ చేసి బయల్దేరండి.

“కాలు వెట్టనీకి జాగ లేదు” అని నాయినమ్మ కోప్పడుతోంది

ఆమె మాట నిజం. చీకట్లో బంతి మీద కాలు పడి జారితే ఆ వయసులో తుంటి ఎముక విరుగుతుంది. ఆమె మంచం నుంచి బాత్రూం దాకా నడిచే దారిలో ఒక్క బొమ్మ కూడా ఉండొద్దు. దీపాలు పెట్టే వేళకు అన్నీ ఏరి ఒక గంపలో వేసే పని ఇంట్లో పిల్లలకు అప్పజెప్పండి.

కొన్నది వదిలేసి అట్టపెట్టెలో కూర్చుంటుంది

కూర్చోనివ్వండి. దాక్కుని పొంచి చూడటానికి అంతకన్నా మంచి చోటు దానికి దొరకదు. పిన్నులు, టేపు పీకేసి ఇవ్వండి, నలిగాక పారేసి ఇంకోటి పెట్టండి. బతుకమ్మ రోజుల్లో మిగిలిన గునుగు కట్టలు కూడా మంచి బొమ్మలే, ఆ కుచ్చు కదిలిస్తే చాలు ఎగిరి పడుతుంది. రంగులో ముంచినవి మాత్రం వద్దు, తెల్లవే ఇవ్వండి. వాడిపోయాక ఎరువు గుంతలో వేయొచ్చు.

ఇక డబ్బాలో ఉన్నవాటిలో కన్ను ఊడినవి, లోపలి దూది బయటికొచ్చినవి, కుట్లు విడిపోయినవి ఈ రోజే తీసి పారేయండి. మూడుసార్లు బయటపెట్టినా మూతి తిప్పుకున్న బొమ్మ బాగుంటే, పిల్లి ఉన్న పక్కింటివాళ్లకు ఇచ్చేయండి.